పన్నెండో తెల్ల చీర

డిసెంబరు నెల వచ్చిందంటే నాకూ మా ఆయనకూ ఒక పోట్లాట ఖాయం. పండక్కి కొనే బట్టల గురించి కాదు, వచ్చే చుట్టాల గురించీ కాదు. ఆ ఏడాది మా చేతి ధర్మం ఎవరికి వెళ్లాలి అన్నదాని మీద. మా అమ్మ కాలంలో ఈ తలనొప్పి లేదు. ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం తీసి పక్క కుండలో వేసేది, ఆదివారం ఆ మూట చర్చిలో ఇచ్చేసి వచ్చేది. ఆ బియ్యం ఎవరు వండుకుంటారో ఆవిడ ఏనాడూ అడగలేదు. నాకు అలా కుదరదు. ఇచ్చింది ఎవరి నోట్లోకి వెళ్తోందో తెలియకపోతే నాకు తిన్నది అరగదు. పైగా నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. క్లాసులో చాక్‌పీసు ముక్క పోయినా ఎవరి జేబులో ఉందో పట్టేసేదాన్ని, నా డబ్బు ఎక్కడికి పోతుందో పట్టలేనా అన్న పొగరు కూడా ఉండేది. ఒప్పుకుంటాను.

మాది బొబ్బిలి. మా ఆయన కరెంటాఫీసులో పనిచేసేవారు. తాతల నాటి నుంచీ మిషను చర్చి మనుషులం. క్రిస్మసుకు ముందు జీతాల్లోంచి కొంత తీసి పక్కన పెట్టడం పెళ్లయిన ఏడాది నుంచీ మా అలవాటు. పక్కన పెట్టడం సులువే. ఇవ్వడం దగ్గరే గందరగోళమంతా. ఒకటో తారీఖు నుంచే గుమ్మం ముందు జనం. ఆల్బం చంకలో పెట్టుకుని అనాథాశ్రమం వాళ్లు, రసీదు పుస్తకంతో వృద్ధాశ్రమం వాళ్లు. టీవీ పెడితే ఏడుస్తున్న పిల్లల మొహాలూ, కింద బ్యాంకు ఖాతా నంబర్లూ. ఫోను తీస్తే వాట్సాపులో ఎవరిదో గుండె ఆపరేషను. అందరూ నిజమే చెబుతున్నట్టుండేది, అందరి మీదా అనుమానమే వచ్చేది. ఒకరికి ఇస్తే ఇంకొకరి మొహం కళ్ల ముందు మెదిలేది. వీళ్లకి ఇచ్చి వాళ్లకెందుకు ఇవ్వలేదో నాకే తెలిసేది కాదు.

ముందటేడు ఒక పిల్లల హాస్టలుకి దుప్పట్లు పట్టుకెళ్లాం. వెళ్లేసరికి గేటుకి ఫ్లెక్సీ కట్టి ఉంది. దాని మీద మా ఆయన ఫొటో, నా ఫొటో, చుట్టూ పావురాలు, కింద ఎర్ర అక్షరాలతో ‘దాతలు’ అని. నా ఫొటో ఎక్కడిదా అని చూస్తే మా మేనకోడలి పెళ్లిలో తీసింది. చేతిలో ఐస్‌క్రీం కప్పు సగం కనిపిస్తోంది. పిల్లల్ని చలిలో వరసగా నిలబెట్టి పాటలు పాడించారు. ఒక్కో దుప్పటీ ఇచ్చినప్పుడల్లా ఆగి కెమెరా వైపు చూడమన్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “దుప్పటి కప్పుకోడానికా, ఫొటో తీయించుకోడానికా?” అని అక్కడికక్కడే కడిగేశాను. ఇంటికొచ్చాక మా ఆయన చెప్పులు విప్పుతూ, “ఆ ఫ్లెక్సీ ఖర్చు కూడా మన దుప్పట్లలోదేనేమోనే” అన్నారు. ఆ రోజు నేను అన్నం తినలేదు.

అందుకని ఆ ఏడాది గట్టిగా అనుకున్నాను. ఏ ఏడాదంటే, నోట్లు రద్దయిన ఏటి డిసెంబరు కాదు, దాని తర్వాతి డిసెంబరు అనుకుంటాను. ఎక్కడో ఉన్నవాళ్లకి వద్దు, ఆల్బం వాళ్లకి వద్దు. మన ఊళ్లో, మనకి తెలిసిన మనుషులకి, మన చేత్తో ఇద్దాం. ఫ్లెక్సీ గిక్సీ ఏమీ ఉండకూడదు. ఇంత తేలికైన సంగతి ఇన్నేళ్లూ ఎందుకు తోచలేదా అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

మా చర్చిలో ఒక ఆనవాయితీ ఉంది. క్రిస్మసుకు ముందు వారం ఆదివారం స్త్రీల సమాజం తరఫున విధవరాండ్రకు చీరలు పంచుతారు. తెల్ల చీర, సన్నటి బూడిదరంగు అంచు. మిషను దొరసానుల కాలం నుంచి అదే రంగట, మార్చాలని ఎవరికీ తోచలేదు. సమాజం పెద్ద ఒకావిడ, మేమందరం పెద్దక్క అంటాం, ముందు నిలబడి లిస్టు చదువుతుంది. పేరు పిలిచినవాళ్లు వెళ్లి చీర అందుకుంటారు. ఆ ఏడాదిలో భర్త పోయి కొత్తగా చేరినవాళ్లుంటే వాళ్ల పేరు అన్నిటికన్నా చివర రాస్తారు. ఆ పేరు పిలిచినప్పుడు సంఘమంతా లేచి నిలబడుతుంది. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, దుఃఖంలో ఉన్న ఆ ఇంటి కోసం ప్రార్థన చేస్తారు. అంతకు ముందు రెండు మూడేళ్లుగా కొత్త పేర్లేమీ రాలేదు, ఎవరూ లేవలేదు. ఆ సంగతి నేను పూర్తిగా మరిచిపోయాను. మరిచిపోయాను అని ఇప్పుడింత తేలిగ్గా రాస్తున్నాను గానీ, అది మరిచిపోవలసిన సంగతి కాదు.

పెద్దక్క దగ్గరికి వెళ్లి, ఈ ఏడాది చీరలన్నీ మావే అన్నాను. ఆవిడ సంతోషించింది. లిస్టు చేతికిచ్చింది. పదకొండు పేర్లు. అందరూ తెలిసినవాళ్లే. నేనూ మా ఆయనా సెలవు చూసుకుని విజయనగరం వెళ్లాం, హోల్‌సేల్ కొట్లో అయితే మంచి నూలు దొరుకుతుందని.

కొట్టతను తెల్ల చీరల కట్ట తెచ్చి బల్ల మీద పడేశాడు. పదకొండు చాలన్నాను.

“కట్ట ఇప్పితే ఆ రేటు రాదమ్మగారూ. డజనుకి డజను అట్టుకెల్లిపొండి. ఒకటి మీకే ఉంటాది” అన్నాడు.

“ఒరే నాయనా, ఆ చీర నాకెందుకురా, మా ఆయన పక్కనే నిలబడి ఉన్నారు” అన్నాను. కొట్టతను నాలిక కరుచుకున్నాడు. మా ఆయన పగలబడి నవ్వారు. నవ్వుకుంటూనే డజనూ తీసుకున్నాం. బస్సులో కూర్చున్నాక కూడా ఆ నవ్వు ఆగలేదు. పన్నెండో చీర గురించి నేను ఆలోచించడం మొదలుపెట్టింది ఆ బస్సులోనే.

మా స్కూల్లో మధ్యాహ్న భోజనం వండే మనిషి ఒకామె ఉండేది. పిల్లలతో పాటు నేనూ వంటమ్మ అనే పిలిచేదాన్ని. ముప్ఫై అయిదేళ్లుంటాయేమో. మా చర్చి మనిషే. భర్త నాలుగేళ్ల కిందట ఒక మేస్త్రీ వెంట చెన్నై సెంట్రింగు పనికి వెళ్లాడు. మొదట్లో ఫోన్లు చేశాడు, డబ్బు పంపాడు. తర్వాత ఒకరోజు నుంచి ఫోను స్విచ్చాఫ్. మేస్త్రీని అడిగితే పని మానేసి ఎక్కడికో వెళ్లిపోయాడన్నాడు. అంతే. ఉన్నాడని చెప్పినవాళ్లు లేరు, పోయాడని చెప్పినవాళ్లూ లేరు. ఇద్దరు పిల్లలూ, ముసలి అత్తగారూ ఆమె మీదే. ఆ అత్తగారి పేరు మా పదకొండు మందిలో ఉంది.

వంటమ్మ తన పాత డబ్బా ఫోను చీర కొంగులో ముడి వేసుకునేది. ఇంట్లో నూనె లేకపోయినా సరే, నెల తిరిగేసరికి ఆ నంబరుకి రీఛార్జి చేయించేది. ఎందుకమ్మా ఈ ఖర్చు అని ఒకసారి అడిగితే, “ఆయనకి ఈ నంబరొక్కటే నోటికొచ్చునమ్మా. ఇది పోతే మరి ఆయనెలగ సేస్తాడు?” అంది, గరిటె తిప్పుతూనే.

ఊళ్లో ఎవరో పెద్దమనిషి విధవ పింఛను ఇప్పిస్తానని కూడా వచ్చాడట. చనిపోయాడని ఒక కాయితం మీద వేలిముద్ర వేస్తే చాలు, మిగతాది తను చూసుకుంటానన్నాడట. ఈమె వెయ్యలేదు. “నేనెలగ ఏస్తానమ్మా? నాకు తెల్దు కదా” అని నాతోనే చెప్పింది. ఎంత మొండిదిరా బాబూ అనుకున్నాను. నెల నెలా వచ్చే డబ్బు ఎవరైనా కాలదన్నుకుంటారా అని స్టాఫ్‌రూములో నలుగురి ముందూ అన్నాను కూడా.

బస్సులో కూర్చుని ఇదంతా తలుచుకున్నాను. ఏ లిస్టులోనూ పట్టని మనిషి. పింఛను లేదు, చర్చి చీర లేదు. మొగుడున్న ఆడదానికి వచ్చేదీ రాదు, మొగుడు పోయినదానికి వచ్చేదీ రాదు. పన్నెండో చీర ఈమెకి కాకపోతే ఇంకెవరికి? ఎంత తెలివైన ఆలోచన వచ్చిందని మురిసిపోయాను. ఆ మాట మా ఆయనతో అన్నాను.

“ఆవిణ్ని అడిగేవా?” అన్నారు.

“అడిగి పెడితే అది ధర్మమేటండీ? మొహాన అడిగితే ఎవరైనా వొద్దనే అంటారు.”

“అది కాదే. తెల్ల చీర కదా. ఓ మాట ముందుగా సెప్పు.”

“చీర చీరే. కట్టుకోడానికి గుడ్డ. మీరు స్తంభాలెక్కి వైర్లు చూసుకోండి, ఇలాంటివి నాకొదిలేయండి.”

నా నోటికి జడిసి ఊరుకోవడం ఆయనకి అప్పటికే అలవాటైపోయింది.

ఆ రాత్రికే లిస్టు తీసి చివర పన్నెండో పేరు రాసేశాను. మర్నాడు స్కూలుకి పోతూ పెద్దక్క ఇంటి దగ్గర ఆగి చీరల మూటా, కాయితమూ ఇచ్చాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని పేర్లన్నీ చదివి చివర ఆగింది.

“ఈ పేరు కొత్తగా ఉన్నాదేటమ్మా? ఆ అబ్బాయి సంగతి కబురేటైనా వొచ్చిందేటి?”

నా చేతిలో దిద్దాల్సిన పరీక్ష పేపర్ల కట్ట ఉంది. ఆటో హారన్ కొడుతున్నాడు. నాకు విసుగొచ్చింది. “నాలుగేళ్లయిపోయిందక్కా. ఇంకేటి కబురొస్తాది?” అనేసి ఆటో ఎక్కేశాను.

“అంతేలే, పాపం” అనడం వెనక నుంచి వినిపించింది. ఆవిడ ఆ మాట ఎలా తీసుకుందో నేను ఆలోచించలేదు. నా మాటకి అలాంటి అర్థం ఒకటి ఉందని కూడా అప్పుడు నాకు తట్టలేదు. నిజం చెప్పాలంటే, అతను పోయాడనే నేను లోపల ఎప్పుడో తేల్చేసుకున్నాను. ఎవరూ నన్ను తేల్చమనలేదు.

ఆదివారం చర్చి నిండిపోయింది. పైకప్పుకి రంగు కాయితాల తోరణాలు, గుమ్మం మీద పెద్ద నక్షత్రం, ఆడవాళ్ల తలల్లో కనకాంబరాలు. నేను మూడో వరసలో కూర్చున్నాను. వంటమ్మా అత్తగారూ వెనకాల చాపల మీద కూర్చున్నారు. ఆరాధన అయ్యాక పెద్దక్క బల్ల ముందుకొచ్చి లిస్టు విప్పింది. ఒక్కొక్కరే వెళ్లి చీర అందుకుంటున్నారు. అయిదో పేరో ఆరో పేరో వంటమ్మ అత్తగారిది. వంటమ్మ చెయ్యి పట్టుకుని లేపి ముందు దాకా తీసుకొచ్చింది. ముసలమ్మ చీర కళ్లకద్దుకుంది. మళ్లీ ఇద్దరూ వెళ్లి చాప మీద కూర్చున్నారు. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఫ్లెక్సీ లేదు, కెమెరా లేదు. ఇదీ ఇవ్వడమంటే అనుకున్నాను.

పదకొండు పేర్లూ అయ్యాయి. పెద్దక్క గొంతు తగ్గించింది. “ఈ ఏడాది కొత్తగా మన లిస్టులో చేరిన సహోదరి” అని వంటమ్మ పేరు చదివింది.

సంఘమంతా ఒక్కసారి లేచి నిలబడింది. బెంచీలు కిర్రుమన్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. గుర్తొచ్చింది గానీ, అప్పటికే నేను వెనక్కి తిరిగి, నవ్వుతూ, రమ్మన్నట్టు చెయ్యి ఊపేశాను. వంటమ్మ నా చెయ్యి చూసింది. ఆమె మొహంలో కోపం లేదు, ఏడుపూ లేదు. ఎవరినో పిలుస్తున్నారనుకుని తన పక్కకి చూసుకుంది. మళ్లీ నా వైపు చూసింది.

అయ్యగారు ప్రార్థన కోసం కళ్లు మూసుకున్నారు. ఆ నిశ్శబ్దంలో ముసలమ్మ గొంతు వినిపించింది. “ఎవులమ్మా పోనారు? ఎవులింట్లో?”

పక్కనున్న ఎవరో మెల్లగా చెప్పారు. “మీ కోడలి పేరే సదివినారప్పా.”

“మా కోడలి పేరా? మా కోడలి పేరెందుకు సదువుతారు?” అంది. అని ఆగిపోయింది. ఆమె అర్థం చేసుకోవడం నేను కళ్లారా చూశాను. “ఓలమ్మో! నా కొడుకో! కబురొచ్చిందా? ఊరందరికీ తెలిసిపోయిందా? నాకొక్కదానికే సెప్పనేదా నాయినో!”

గుండెలు బాదుకుంటూ చాప మీద కూలబడిపోయింది. వంటమ్మ ఆమెని వాటేసుకుని, “నేదత్తా, ఏ కబురూ రానేదు, ఒట్టు, ఏ కబురూ రానేదు” అంటూనే ఉంది. ముసలమ్మ ఆ చేతుల్ని తోసేసింది. “కబురు రాకపోతే అందరూ ఎందుకు లెగిసినారే? సెప్పు, అందరూ ఎందుకు లెగిసినారు?”

మేమందరం ఇంకా నిలబడే ఉన్నాం. కూర్చోవాలో నిలబడాలో ఎవరికీ తెలియలేదు. అయ్యగారు కళ్లు తెరిచి పెద్దక్కని చూశారు, పెద్దక్క నన్ను చూసింది. వంటమ్మ అత్తగారిని లేపి, దాదాపు మోసుకుంటూ, బయటికి తీసుకెళ్లిపోయింది. పన్నెండో చీర బల్ల మీద మడతపెట్టే ఉంది.

ఇంటికొచ్చాక మొదట పెద్దక్క మీద విరుచుకుపడ్డాను. రాసిందల్లా చదివేయడమేనా, ఓ మాట కనుక్కోవద్దా అని. కనుక్కుంది కదా అని నాకే గుర్తొచ్చింది. తర్వాత ఆ ఆనవాయితీ మీద, తర్వాత ఆ కొట్టతని డజను మీద, అన్నిటి మీదా మండిపడ్డాను. మా ఆయన ‘నే సెప్పేను కదా’ అని ఉంటే బాగుండును, పోట్లాడేదాన్ని. ఆయన మంచినీళ్లిచ్చి పక్కన కూర్చున్నారు. అప్పుడు ఏడుపొచ్చింది.

సోమవారం స్కూలుకి వెళ్లేసరికి వంటమ్మ రాలేదు. ఆమెకి సాయం చేసే ఇంకో మనిషి ఒక్కతే గుడ్లు ఉడకబెడుతోంది. అడిగితే, “మీకు తెల్దేటి టీచరమ్మా? పాపం, మొగుడు పోనాడంట. సెన్నైలో మేడ మీద నుంచి పడిపోనాడంట. నిన్నే తెలిసిందంట” అంది.

మేడ మీద నుంచి! నేను ఆటో ఎక్కుతూ అన్న మాట ఒక్క రోజులో మేడ ఎక్కి, అక్కణ్నుంచి ఒక మనిషిని కిందికి తోసేసి, తిరిగి నా దగ్గరికే వచ్చింది. కాదు, అదంతా అబద్ధం అందామనుకున్నాను. అబద్ధమని నాకు మాత్రం ఏం తెలుసు? అతను నిజంగానే మేడ మీద నుంచి పడ్డాడేమో. ఎక్కడో సుఖంగానే ఉన్నాడేమో. నాకు బుర్ర పనిచెయ్యడం మానేసింది. ఆ రోజు క్లాసులో ఒకే లెక్క రెండుసార్లు చేసి రెండు వేరే జవాబులు రాశాను. పిల్లలు నవ్వుకున్నారు.

వెళ్లి క్షమాపణ అడగాలి. అది మాత్రం తెలిసింది. ఉత్త చేతులతో ఎలా వెళ్లడం? బియ్యం తీసుకెళ్దామనుకున్నాను. చావు జరిగిన ఇంటికి బియ్యం మోస్తారు, అలా అనుకుంటుందేమోనని భయం. సరే, రంగు చీర ఒకటి ఇచ్చి, ఇదీ నీకు నేనివ్వవలసిన చీర అని చెబుదామని బజారుకి వెళ్లాను. కొట్లో నిలబడి అరగంట తేల్చుకోలేకపోయాను. ఎర్రది తీస్తే ఒక మాట అన్నట్టు, లేతది తీస్తే ఇంకో మాట అన్నట్టు. అదివరకెప్పుడూ చీరల వైపు అలా చూడలేదు నేను. చివరికి ఆకుపచ్చది ఏదో తీసుకున్నాను. బియ్యం మూట కూడా స్కూటరు ముందు పెట్టించాను. ఏది ఎందుకు తీసుకెళ్తున్నానో అడిగితే చెప్పలేను.

మంగళవారం సాయంత్రం స్కూలు వదలగానే మా ఆయన స్కూటరు మీద తీసుకెళ్లారు. ఊరి చివర పేటలో వాళ్ల ఇల్లు. వాకిట్లో నలుగురు ఆడవాళ్లు కొంగులు నోటికడ్డం పెట్టుకుని కూర్చుని ఉన్నారు, పరామర్శకి వచ్చినవాళ్లు. మా ఆయన రోడ్డు మీదే ఆగిపోయారు. వంటమ్మ నన్ను చూసి లేచి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కళ్లు లోతుకి పోయి ఉన్నాయి.

“తప్పయిపోయిందమ్మా” అన్నాను.

“అది తరవాత సూసుకుందారి” అంది. “ముసిల్ది నా మాట నమ్మతం నేదు టీచరమ్మా. సంఘమంతా ఒట్టినే లెగుస్తాదేటి, సదువుకున్నోలు ఒట్టినే రాస్తారేటి అంతంది. రెండ్రోజులయ్యి గంజి కూడా ముట్టనేదు. ఇలగయితే ఇది బతకదు. రాసింది మీరే కదా, మీరే సెప్పండి. కబురేటీ రానేదు, నేనే తప్పు రాసినాను అని సెప్పండి. అంతే సెప్పండి, సాలు.”

నా చేతిలో సంచి చూసింది. “బియ్యముంచండి, పిల్లలకి పనికొస్తాయి. సీర మట్టుకు అట్టుకెల్లిపొండి.”

లోపల నులక మంచం మీద ముసలమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఆదివారం ఇచ్చిన చీర మడత విప్పకుండా తల దగ్గరే ఉంది. నేను మంచం పక్కన కింద కూర్చుని చెప్పాను. అమ్మా, కబురేమీ రాలేదు. ఎవరూ ఫోను చెయ్యలేదు, ఎవరూ ఉత్తరం రాయలేదు. నేనే తెలివితక్కువగా పేరు రాసేశాను. తప్పు నాది.

ఆవిడ మెల్లగా ఇటు తిరిగింది. నా చెయ్యి వెతికి పట్టుకుంది. ఎండుపుల్లలా ఉంది ఆ చెయ్యి, కానీ పట్టు ఎంత గట్టిగా ఉందో!

“కబురు రానేదా?”

“రాలేదమ్మా.”

“అయితే నా కొడుకు బతికే ఉన్నాడా?”

అక్కడ ఆగాలి నేను. వంటమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. ఏం చెప్పమందో అదే చెప్పాను, అక్కడికి చాలు. కానీ ఆ కళ్లు చూడండి మీరు, ఆ చేతిలో చెయ్యి పెట్టి చూడండి! రెండు రోజులుగా ఒక ముసలి ప్రాణం నా మూలాన మాడిపోతోంది. ఒక్క మాటతో లేచి కూర్చుంటుందని తెలుస్తూనే ఉంది.

“ఉన్నాడమ్మా. బతికే ఉన్నాడు” అన్నాను.

ముసలమ్మ లేచి కూర్చుంది. నిజంగానే లేచి కూర్చుంది. జుట్టు ముడి వేసుకుంది. “మరెప్పుడొస్తాడు? పండక్కొస్తాడా?”

“వస్తాడమ్మా. పండక్కి వస్తాడు. నువ్వు ముందు అన్నం తిను.”

వంటమ్మ గిన్నెలో గంజన్నం తెచ్చి ఇచ్చింది. ముసలమ్మ గబగబా తింది. తింటూనే, వాడికి చేపల పులుసంటే ఇష్టమనీ, పండగనాటికి ఎక్కడైనా కొరమీను దొరుకుతుందేమో చూడమనీ కోడలికి చెప్పింది. వాకిట్లో ఆడవాళ్లు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుని లేచి వెళ్లిపోయారు. నాకు కళ్లనీళ్లు వచ్చేశాయి, సంతోషంతో. చేసిన తప్పు నా చేత్తోనే దిద్దేశానని అనుకున్నాను. చీర సంచి పట్టుకుని తేలిగ్గా బయటికొచ్చాను.

వంటమ్మ నా వెనకే రోడ్డు దాకా వచ్చింది. ధన్యవాదాలు చెబుతుందనుకున్నాను. అవును, అంత వెర్రిదాన్ని.

“మిమ్మల్ని నేనేటి సెప్పమన్నాను?” అంది.

నాకు అర్థం కాలేదు.

“కబురు రానేదని సెప్పమన్నాను. బతికున్నాడని సెప్పమన్నానా?”

“తింది కదమ్మా. లేచి కూర్చుంది కదా...”

“తిన్నాది. రేపూ తింటాది.” గొంతు పెంచలేదు ఆమె. లోపలికి వినబడకూడదని అనుకుంటాను. “ఆదివారం మీరే సంపీసినారు, ఇయాల మీరే బతికించీసినారు. ఈ నాలుగేళ్లలో ఆ రెండు మాటల్లో ఒక్కటీ నేనననేదు టీచరమ్మా. పిల్లలడిగినా అననేదు, అత్తడిగినా అననేదు. తెల్దు అనే సెప్పినాను. తెల్దనుకుంటానే వొండినాను, తెల్దనుకుంటానే తిన్నాను. ముసిల్ది కూడా అలగే అలవాటు పడిపోనాది. ఇప్పుడు పండగనాడు తెల్లారే లెగిసి, తానమాడీసి, గుమ్మంలో కూకుంటాది. పొద్దుగూకే దాకా కూకుంటాది. అప్పుడు నేనేటి సెప్పాల?”

తిడుతోందనుకుని తల వంచుకున్నాను. కాసేపటికి తల ఎత్తితే ఇంకా నా మొహం వైపే చూస్తోంది. తిట్టడం లేదు, నిజంగానే అడుగుతోంది. క్రిస్మసు ఇంకా ఆరు రోజులుంది. మా ఆయన స్కూటరు స్టార్టు చేసి, మళ్లీ ఆపేశారు.